చేతిలో పని పెట్టుకుని తట్ట మొయ్యడం ఎందుకు?

పత్తి చివరి ఏరుడు అయిపోయి, కందులు కొట్టుకుని గింజలు ఇంట్లో పోసుకున్నాక మన మెట్ట రైతుకు మళ్లీ పని దొరికేది మృగశిర కార్తెలోనే. సంక్రాంతి నుంచి జూన్ మొదటి వారం దాకా దగ్గర దగ్గర ఐదు నెలలు. బోరు కింద నాలుగు మడులు వరి పెట్టుకున్న రైతుకైనా శివరాత్రి దాటిందంటే నీళ్లు తగ్గిపోతాయి. సగం మడి ఎండబెట్టి సగం కాపాడుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతుకు ఈ ఐదు నెలలే అసలు పరీక్ష. ఈ నెలల్లో ఇల్లు ఎట్లా గడిచింది, ఎంత అప్పు అయింది అన్నదాన్ని బట్టే వానాకాలం సాగు ఎట్లా మొదలయ్యేదీ తేలుతుంది.

ఖాళీ రోజుల్లో ఏం చేయాలని అడిగితే సలహాలకు కొదవ లేదు. గేదెలు కట్టుకోమంటారు, కోళ్లు పెంచమంటారు, పుట్టగొడుగులు వెయ్యమంటారు. మంచి సలహాలే. కాని వాటన్నిటికీ పెట్టుబడి కావాలి, నీళ్లు కావాలి, మేత కావాలి. ఎండాకాలంలో మన దగ్గర లేనివి సరిగ్గా ఆ మూడే. అందుకని ఈ వారం కొత్తగా పెట్టాల్సినదాని గురించి కాకుండా మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాని గురించి రాస్తున్నాను. మీకు వచ్చిన పని గురించి.

మీ ఊళ్లో ఒకసారి లెక్క తీయండి. బోరు మోటరు పైకి తీసి, విప్పి, మళ్లీ బిగించి దించడం తెలిసినవాడు ఒకడుంటాడు. సుతారి పని తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. ఇంటికి కరెంటు వైరింగు చేసేవాడు, ట్రాక్టరు రిపేరు తెలిసిన డ్రైవరు, బత్తాయికి అంటు కట్టడం నేర్చినవాడు, జాకెట్లు కుట్టే అక్క. వీళ్లలో చాలామందికి రెండు మూడు ఎకరాల భూమి కూడా ఉంటుంది. ఏం పని చేస్తావని అడిగితే 'ఎవుసం' అనే చెబుతారు. మరి ఆ పని సంగతేందంటే, 'అదా, ఏదో కొద్దిగ వస్తది' అంటారు. ఆ 'ఏదో కొద్దిగ' దగ్గరే మనం నష్టపోతున్నామని నా అభిప్రాయం.

ఎవుసం ఖాళీ, ఆ పనులకు గిరాకీ

గమనించారో లేదో, రైతుకు పని లేని నెలలే ఈ పనులన్నిటికీ సీజను. మోటర్లు ఎప్పుడు ఎక్కువ కాలుతాయి? భూగర్భజలం దిగిపోయి బోరు గాలి పోసే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో. నీళ్లు అందక మోటరు ఒట్టిగా తిరిగితే చల్లబడే దారి ఉండదు, వేడెక్కి కాలుతుంది. అందరూ ఒకేసారి మోటర్లు వేస్తే వోల్టేజి పడిపోతుంది, పడినకొద్దీ మోటరు కరెంటు ఎక్కువ గుంజుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగిలిన కాయిళ్ల మీద భారం పడి నిమిషాల్లో మాడు వాసన వస్తుంది. వరి పొట్ట మీదున్నప్పుడు మోటరు కాలితే రైతు మూడు రోజులు కూడా ఆగలేడు. ఆ సమయంలో పని తెలిసినవాడు ఊళ్లోనే ఉండటం ఎంత విలువో కాలినవాడికే తెలుసు.

ఇండ్లు కట్టేది ఎప్పుడు? మాఘం నుంచి వైశాఖం దాకా, వానలు పడకముందు స్లాబు వేసుకోవాలని. పెండ్లిళ్లూ ఆ నెలల్లోనే. పెండ్లి ఉంటే ఇంటికి సున్నం, కొత్త వైరింగు, బాత్‌రూము, బట్టల కుట్టు. పట్టణం మేస్త్రీలు దొరకరు, దొరికినా మన పల్లెకు రారు. ట్రాక్టర్లూ అంతే, వానాకాలం దుక్కులకు ముందే బాగుచేయించుకోవాలి. అంటే రైతు చేతులు ఖాళీ అయిన సమయానికే ఈ పనులు మీదికి వచ్చి పడతాయి. ఇంతకన్నా కలిసొచ్చే కాలం ఇంకోటి ఉండదు.

అయినా అదే నెలల్లో ఆ పని తెలిసినవాడే బస్సెక్కి పోయి ఎక్కడో తట్ట మోస్తుంటాడు. ఎందుకు?

కల్లం గింజలు పోయాయి, అలవాటు మిగిలింది

నాకు తోచిన కారణం చెబుతాను. పాతకాలంలో మన పల్లెల్లో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి పనికి పనికీ పైసలు అడిగేవాళ్లు కాదు. నాగలి సరిచేసినా, కర్రు సాగగొట్టినా అప్పటికి ఏమీ ఉండదు. పంట కోసి కల్లంలో రాశి పోసినప్పుడు వచ్చి తమ వాటా గింజలు తీసుకునేవాళ్లు. ఏడాదికొక లెక్క. ఆ పద్ధతిలో అన్యాయం లేదని నేననను. వాటా ఎంతన్నది చాలా ఊళ్లలో రాశి పోసిన ఆసామి చెప్పిందే. కాని ఒక ముద్ద భరోసా ఉండేది.

ఇప్పుడు కల్లాలే లేవు. వరి హార్వెస్టరు కింద నుంచి నేరుగా ట్రాక్టర్లో పడుతోంది, పత్తి సంచుల్లో జిన్నింగు మిల్లుకు పోతోంది. గింజల వాటా ఎప్పుడో పోయింది. అయితే 'మనూరి మనిషిని పైసలెట్లా అడుగుతం' అన్న మొహమాటం మాత్రం మిగిలిపోయింది. అటు చేయించుకునేవాడికీ అదే అలవాటు. మోటరు బిగించిన తర్వాత 'ఎంతియ్యాల్నే' అని అడుగుతాడు. 'నీ ఇష్టమన్నా, ఏమన్న ఇయ్యి' అంటాడు ఇతను. చేతిలో ఒక నోటు పడుతుంది. ఒక్కోసారి అదీ పడదు, సాయంత్రం కల్లు దుకాణం దగ్గర లెక్క చెల్లిపోతుంది. పొద్దంతా నడుం వంచి ఆరు వందల అడుగుల పైపు గుంజిన పనికి వచ్చింది రెండు సీసాలు. ఇంట్లో ఆడమనిషి చేతికి వచ్చింది సున్నా.

అదే మనిషి పట్నంలో అడ్డా మీద నిలబడ్డప్పుడు, 'ఎంత?' అని అడిగితే ఠక్కున ధర చెబుతాడు. అక్కడ చెప్పే నోరు ఇక్కడ ఎందుకు రాదు? ఇక్కడ అందరూ బాబాయిలు, మామలు, అన్నలు కాబట్టి. నా మాట ఏమంటే, బాబాయికైనా ధర చెప్పండి. తక్కువ చెప్పండి, పర్వాలేదు. పట్నంలో పది చెబితే ఇక్కడ ఏడు చెప్పండి. కాని పని ముట్టుకోక ముందే చెప్పండి. ముందు చెప్పిన ఏడుకు పేచీ రాదు. తర్వాత అడిగిన ఐదుకు వస్తుంది, చుట్టరికం చెడేదీ అక్కడే.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: 'అది మా కులం పని కాదు గదా.' ఏ పని ఎవరి కులానిదో పాత లెక్క ఉంది, నిజమే. కాని బోరు మోటరు, డ్రిప్పు పైపు, ఇంటి వైరింగు, మోటరు సైకిలు ఇవేవీ ఆ లెక్కలో లేవు. అవి వచ్చేసరికి లెక్క రాసినవాళ్లు లేరు. మన పల్లెల్లో కులం అంటని పనులంటూ ఉంటే ఇవే. ఎవరు నేర్చుకుంటే వాళ్లవి.

కాలిన రాగి ఎవరిది?

మోటరు పని గురించి కొంచెం వివరంగా రాయాలి. మన మెట్ట ప్రాంతమంతా బోర్ల మీదనే బతుకుతోంది, అందుకే ఎక్కువ గిరాకీ ఉన్న పని అదే. ఇందులో రెండు పనులున్నాయి. ఒకటి మోటరు పైకి తీసి దించడం. మూడు కాళ్ల స్టాండు, గొలుసు కప్పీ, పైపు పట్టకార్లు, నలుగురు మనుషులుంటే చాలు. రెండోది వైండింగు. దానికి కొంత చదువు, కొంత ఓపిక కావాలి. మొదటిది చాలామందికి వచ్చు, రెండోది ఏ మండల కేంద్రంలోనో ఉన్న దుకాణం చేతిలో ఉంది.

వైండింగు నేర్చినవాడు, నేర్చుకుందామనుకునేవాడు కొన్ని సంగతులు గట్టిగా పట్టుకోవాలి. పాత కాయిలు కోసి పారేయక ముందే అందులో ఎన్ని చుట్లున్నాయో, వైరు ఎంత గేజో, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి పోయిందో నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఖర్చు తగ్గుతుందని సన్న వైరు చుడితే ఆ మోటరు ఇంకో నెలలో మళ్లీ కాలుతుంది, దాంతోపాటు మీ పేరూ కాలుతుంది. బావి మీద పెట్టే మోనోబ్లాకు మోటరుకు ఎనామిల్ వైరు చుట్టి వార్నిష్ పోసి బాగా ఆరనివ్వాలి. బోరులోకి దించే నీళ్ల మోటరుకు ప్లాస్టిక్ పొర ఉన్న వైరు వాడాలి, దాంట్లో నీళ్లు నింపాకనే దించాలి. దించిన రోజు ఒక్క పది నిమిషాలు నిలబడి మూడు ఫేజులూ ఎంతెంత కరెంటు తీసుకుంటున్నాయో మీటరు పెట్టి చూడాలి. ఈ చివరి పని చేసేవాళ్లు తక్కువ. చేసినవాడి దగ్గరికి రైతు మళ్లీ వస్తాడు.

ఇక పేచీ దగ్గరికి వద్దాం. కాలిన మోటరులోంచి తీసిన పాత రాగి ఎవరిది? తూకానికి అమ్మితే దానికీ ధర ఉంటుంది. రైతు తనదంటాడు, వైండింగు చేసినవాడు అలవాటుగా తనే ఉంచుకుంటాడు. ధర చెప్పేటప్పుడే 'పాత రాగి నాకు వదిలేస్తే ఇంత, నువ్వు తీసుకుపోతే ఇంత' అని రెండు ధరలు చెప్పండి. ఈ ఒక్క మాటతో సగం తగాదాలు పోతాయి.

కరెంటు మారితే ఈ పనీ మారుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు అమలు చేశారు. దానికి ముందు, 2017లోనే, ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. రాత్రి రెండు గంటలకు వచ్చే కరెంటు కోసం పెట్టుకున్న ఆటో స్టార్టర్, అన్ని మోటర్లనూ ఒకేసారి లేపి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేసేది. కరెంటు తీరు బాగుపడితే కాలే మోటర్లు తగ్గుతాయి. మోటరు కాలడం మీదనే బతుకుదామనుకునేవాడు ఇది గమనించుకోవాలి. స్టార్టరు, కెపాసిటరు, డ్రిప్పు మరమ్మతు కూడా పక్కన నేర్చుకుంటే ఒకటి తగ్గినా ఇంకోటి నిలబడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైనప్పటి నుంచి మన దగ్గర డ్రిప్పు చాలా పరిచారు. ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోయిన పైపులు ఎన్ని చేలల్లో చుట్టచుట్టి పడేసి ఉన్నాయో మీరే చూస్తున్నారు. వాటికి యాసిడ్ పట్టించి, ఫిల్టరు కడిగి, చివర్లు విప్పి నీళ్లు వదిలి మళ్లీ పారించేవాడు మండలానికి ఒక్కడు లేడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. మోటరు పని తెలిసినవాణ్ని ఊరంతా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి కూడా పిలుస్తారు. 'లైన్‌మన్ ఫోను ఎత్తడం లేదు, ఫీజు వెయ్యి తమ్మీ' అంటారు. ఎక్కకండి. ఆ పనికి మీరు చెప్పగలిగే ధర ఏదీ లేదు. ఏబీ స్విచ్ దించామనుకున్నా ఒక బ్లేడు సరిగా ఊడకపోతే పైన కరెంటు ఉన్నట్టే. ఎండుతున్న పొలం చూడలేక ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకుని పోయిన రైతుల వార్తలు జిల్లా పేజీల్లో రాయని ఏడాది లేదు. అది కరెంటు సంస్థ చేయాల్సిన పని, జీతం తీసుకుంటున్నవాళ్ల పని. ఊరు ఊరంతా సబ్‌స్టేషనుకు పోయి కూర్చుంటే లైన్‌మన్ వస్తాడు. మీరు ఎక్కితే ఇక ఎప్పటికీ రాడు.

చెట్టు పని, గొంగడి పని

నల్లగొండ బత్తాయి తోటల్లో ఇంకో పని ఉంది. మొక్కలు కొనేటప్పుడు అది దేని మీద కట్టిన అంటు అని అడిగే రైతు ఇప్పుడు పెరిగాడు. మన సాతుగుడి రకానికి రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు మంచిదని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. కన్ను కోసి, బెరడు చీల్చి, లోపల కూర్చి కట్టడం పది రోజులు చూస్తే వస్తుంది, చెయ్యి కుదరడానికి రెండేళ్లు పడుతుంది. కోత అయ్యాక ఎండుపుల్ల తీసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయడం మరో పని. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇది తెలిసిన మనిషి తన తోట ఒక్కటే చూసుకుని ఊరుకుంటున్నాడు. పక్క తోటవాడు మాత్రం చెట్టు ఎండిపోయాక మందుల దుకాణం చుట్టూ తిరుగుతున్నాడు. చెట్టుకింత అని మాట్లాడుకుని చేస్తే ఇద్దరికీ లాభమే. కొల్లాపూర్ దిక్కు మామిడి తోటల్లోనూ ఇదే చెప్పొచ్చు.

అన్ని పనులూ ఇట్లా అమ్ముడుపోతాయని మాత్రం అనుకోవద్దు. పాలమూరులో కురుమలు దక్కని గొర్రెల నల్ల ఉన్ని కత్తిరించి, ఆడవాళ్లు వడికి, మగవాళ్లు నేసే గొంగడి ఎంత గట్టిదో మనకు తెలుసు. వానకు, చలికి, ఎండకు అదే. కాని రేటు దగ్గర మిల్లు దుప్పటితో పోటీ పడలేదు. అటువంటి పని పట్టుకున్నవాళ్లకు నేను ఇక్కడ చెప్పిన 'ధర చెప్పండి' అన్న సలహా చాలదు. వాళ్ల సంగతి విడిగా రాయాలి.

పాలమూరు లేబరు, జపాను రైతు

ఇప్పుడు వలస గురించి. 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశంలో ప్రాజెక్టు కట్టిన ప్రతిచోటా తెలుసు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ రాతితో కట్టిన ఆనకట్ట, మనుషులు మోసి కట్టిన ఆనకట్ట. సాగర్ కట్టింది నల్లగొండ గడ్డ మీద. దాని ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లను తడిపింది, దేవరకొండ, మునుగోడు మెట్టలకు అందలేదు. కట్టిన చేతులు మళ్లీ తట్ట పట్టుకుని ఇంకో ప్రాజెక్టుకు పోయాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు వచ్చాక కొన్ని ఊళ్లలో వలస తగ్గింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలుపెట్టిన తొలి 200 జిల్లాల్లో మన రెండు జిల్లాలూ ఉన్నాయి, దాంతోనూ కొంత ఆగింది. కాని నీళ్లు అందని ఊళ్లకు బొంబాయి బస్సు ఇంకా ఉంది.

వలస పోవద్దని చెప్పడానికి నేనెవర్ని? లెక్క చూస్తే అక్కడ చేతికొచ్చే పైసలు ఎక్కువే. నా అభ్యంతరం ఎట్లా పోతున్నారన్న దాని మీద. గుంపు మేస్త్రీ దసరాకో దీపావళికో వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ పైసలు పిల్ల పెండ్లికో, పాత అప్పుకో పోతాయి. ఆ రోజుతో మీ పనికి ధర చెప్పే హక్కు మేస్త్రీ జేబులోకి పోయినట్టే. సుతారి పని తెలిసినా తట్ట పట్టమంటే తట్ట పట్టాలి. అప్పు చూపించి మనిషిని కట్టేసి పని చేయించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం. చట్టం సంగతి మేస్త్రీకీ తెలుసు, అందుకే నోటు రాయించుకోడు, మాట తీసుకుంటాడు.

జపాను దేశంలో కూడా ఇట్లాంటి రైతులే ఉండేవాళ్లు. ఉత్తరాన మంచు కురిసే ప్రాంతాల్లో చలికాలం నాలుగైదు నెలలు పొలంలో పని ఉండదు. కొందరు టోక్యోకు పోయి రోడ్లు, భవనాల దగ్గర కూలి చేసేవాళ్లు, మన పాలమూరు లాగానే. ఇంకొందరు బియ్యాన్ని పులియబెట్టి 'సాకే' అనే మద్యం తయారుచేసే పని నేర్చుకున్నారు. ఇవాతే ప్రాంతం నుంచి వచ్చేవాళ్లను 'నాంబు తోజీ' అని పిలుస్తారు. కోతలు కాగానే తన ఊరి మనుషులతో గుంపు కట్టుకుని బట్టీకి పోయి, వసంతంలో నాట్లకు తిరిగి వస్తాడు ఆ తోజీ. అతనూ గుంపు మేస్త్రీనే! కాని వాళ్లకొక సంఘం ఉంది. సంఘం పని నేర్పుతుంది, పరీక్ష పెడుతుంది, పనివాడికి పేరు ఇస్తుంది. బట్టీ యజమాని వాళ్ల చేతి నేర్పు కోసం వెతుక్కుంటూ వచ్చాడు. ఒకే మంచు, ఒకే ఖాళీ కాలం. ఒకరు కూలి అమ్ముకున్నారు, ఇంకొకరు పనితనం అమ్ముకున్నారు. మన పాలమూరు సుతారులకు, బోరు పనివాళ్లకు మండలానికొక సంఘం ఉండి, 'మా మనిషి చేసిన పనికి మాదీ పూచీ, మా రేటు ఇది' అని చెప్పగలిగితే మేస్త్రీ అడ్వాన్సుకు ఇంత బలం ఉండదు.

పట్నం పోయినా కళ్లు తెరుచుకుని పోయినవాళ్లు ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి తల్లి రోజూ వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే, ఆ పని చేసే యంత్రం చెయ్యాలని పట్టుబట్టారు. చేతిలో పైసలు అయిపోతే హైదరాబాద్ వచ్చి కరెంటు పని చేశారు. ఆ సంపాదనతో సామాన్లు కొన్నారు, పని మీద పోయిన చోట చూసిన యంత్రం తిరిగే తీరు చూసి తన యంత్రంలో చిక్కు విప్పుకున్నారు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అందరం మల్లేశాలం కాలేం గాని, ఆ యంత్రాలు తయారుచేసి నేతన్నలకు ధర కట్టి అమ్మారన్న సంగతి గమనించండి. ఊరికే ఇస్తూ పోతే పదో యంత్రం దగ్గర ఆగిపోయేది.

చిన్న లెక్క

లెక్క కోసం అనుకుందాం. ఐదు నెలల్లో ఒక మనిషికి నలభై పనులు దొరికాయి. ఖర్చులు పోను పనికి ఆరు వందలు మిగిలింది. ఇరవై నాలుగు వేలు. పనిముట్లకు, బండి పెట్రోలుకు నాలుగు వేలు తీసేయండి. ఇరవై వేలు. ఇది పెద్ద సొమ్మేమీ కాదు, పిల్ల పెండ్లి కాదు, కొత్త బోరు కాదు. కాని జూన్‌లో విత్తనాలు, ఎరువుల కోసం దుకాణంలో ఉద్దెర పెట్టే ఇరవై వేలు అదే. నూటికి మూడు రూపాయల మిత్తి మీద ఎనిమిది నెలలకు నాలుగు వేల ఎనిమిది వందలు అవుతుంది. పైగా ఉద్దెర తెచ్చినవాడు పంట ఆ దుకాణందారు చెప్పిన రేటుకే వేయాలి. నగదుకు కొన్నవాడు కావాల్సిన విత్తనం అడిగి తీసుకుంటాడు, రసీదు అడుగుతాడు, విత్తనం మొలవకపోతే కొట్లాడతాడు. ఇరవై వేల అసలు విలువ అక్కడ ఉంది.

ఆ పైసలు విడిగా కనబడాలంటే విడిగా రాయాలి. ఒక నోటుపుస్తకం చాలు. తారీకు, ఎవరి పని, ఎంత మాట్లాడాం, ఎంత వచ్చింది, ఎంత ఉద్దెర. కుట్టు పని చేసే అక్కలకు ఈ మాట మరీ చెబుతున్నాను. 'మనింటి పిల్లే గదా' అని కుట్టిన జాకెట్లు ఏడాదికి ఎన్నో ఒకసారి రాసి చూడండి, మీకే ఆశ్చర్యమేస్తుంది. సంఘం మీటింగులో పొదుపు లెక్క రాసే మీకు ఇది కష్టం కాదు.

కార్డు, శిక్షణ, జాబితా

పని సగం వచ్చినవాళ్లు పూర్తిగా నేర్చుకోవడానికి చోట్లున్నాయి. భూదాన్ పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, పల్లె యువతకు చేతి పనులు నేర్పేందుకే పెట్టింది. బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, తిండి, ఉండటం ఉచితం. మోటరు రీవైండింగు అక్కడి కోర్సుల్లో ఉంది. మీ బ్యాంకు మేనేజరును అడిగి తదుపరి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోండి. భవన నిర్మాణ పనులకైతే 1998లో హైదరాబాద్‌లో ఏర్పాటైన జాతీయ నిర్మాణ అకాడమీ శిక్షణ ఇస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక నెల అక్కడ గడిపితే పొలం ఏమీ నష్టపోదు.

సుతారి పని, సెంట్రింగు, వైరింగు చేసే రైతుల్లో చాలామందికి తెలియనిది ఇంకోటి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996లో చేసిన చట్టంతో వచ్చిన కార్డు ఉంది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల మధ్య ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు నిర్మాణం పని చేసి ఉంటే చాలు. ఏడాదంతా అదే పని చేయాలన్న షరతు లేదు. ఎండాకాలం మూడు నెలలు సుతారి పని చేసిన రైతు తొంభై రోజులు నిండినట్టే. పరంజా మీదినుంచి పడితే ఇంటివాళ్లకు దిక్కు చూపేది ఆ కార్డే. 'నేను రైతును, నాకెందుకు' అనుకుని తీసుకోని వాళ్లే ఎక్కువ. కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి.

కేంద్రం 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ యోజన మొదలుపెట్టింది. శిక్షణ రోజులకు రోజుకు ఐదు వందలు, పనిముట్లకు పదిహేను వేలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. బాగానే ఉంది. పద్దెనిమిది వృత్తులకు వర్తింపజేశారు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ పని, దర్జీ ఉన్నాయి. పడవలు చేసేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లున్నారు. ఆఖరికి కవచాలు చేసేవాళ్లు కూడా ఉన్నారు. బోరు మోటరు వైండింగు చేసేవాడు మాత్రం లేడు. ఎందుకంటే అది పాత వృత్తి కాదట. తాత చేసిన పనికి అప్పు దొరుకుతుంది, మనవడు నేర్చుకున్న పనికి దొరకదు! మోటరు పనివాడికి, డ్రిప్పు బాగుచేసేవాడికి, అంటు కట్టేవాడికి పదిహేను వేల పనిముట్లు ఇస్తే మెట్ట ప్రాంతంలో ఎన్ని వేల ఎకరాలకు అవసరం తీరుతుందో ఆ జాబితా రాసినవాళ్లు ఆలోచించాలి. మన ఎంపీలు ఢిల్లీలో అడగాల్సిన సంగతి ఇది. ఈసారి మీ ఊరికి వచ్చినప్పుడు రోడ్డు, కమ్యూనిటీ హాలుతో పాటు దీన్ని కూడా అడగండి.